పగలు పని, రాత్రి పుస్తకం: వరంగల్‌లో ఓపెన్ స్కూల్ టెన్త్ ఎంతవరకు అక్కరకొస్తుంది

ముందు తీర్పు చెప్పి తర్వాత వివరాల్లోకి వెళ్దాం. పని చేసుకుంటూ పదో తరగతి పూర్తి చేయాలనుకునే పెద్దవాళ్లకు మన దగ్గర ఉన్న దారుల్లో తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ నడిపే టెన్తే మేలు. అయితే ఆ మెమో విలువ అడ్మిషన్ రోజున, సబ్జెక్టుల గళ్లలో టిక్కు పెట్టే ఆ ఐదు నిమిషాల్లోనే తేలిపోతుంది. తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్, సోషల్ పెట్టుకున్నవాళ్లకు చాలా తలుపులు తెరుచుకుంటాయి. తొందరగా పాసవ్వాలని వేరేవి ఏరుకున్నవాళ్లు మెమో చేతిలో ఉన్నా సగం చోట్ల గడప దగ్గరే ఆగిపోతారు.

ఇది ఎవరి కోసమో కూడా చెప్పాలి. ఎనుమాముల మార్కెట్లో బస్తాలు మోసే హమాలీ, కొత్తవాడలో మగ్గం మీద దర్రీలు నేసే మనిషి, జగిత్యాల, నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే అక్కలు, సిరిసిల్ల సాంచాల (మరమగ్గాల) మీద పన్నెండు గంటలు నిలబడేవాళ్లు, హన్మకొండలో బట్టల షాపుల్లో సేల్స్ చేసేవాళ్లు. ఐదులోనో ఎనిమిదిలోనో బడి మానేసి పదిహేనేళ్లు, ఇరవయ్యేళ్లు అయినవాళ్లు. వాళ్లకు పట్టుదలకేం లోటు లేదు. దొరకనిది టైమూ, సరైన సలహానూ.

ఓపెన్ స్కూల్ ఉమ్మడి రాష్ట్రంలో 1991లో మొదలైంది. టెన్త్ కోర్సు 2008-09లో, ఇంటర్ 2010-11లో వచ్చాయి. రాష్ట్రం విడిపోయాక మనకు మన సొసైటీ ఏర్పడింది. టెన్త్‌లో చేరడానికి 14 ఏళ్లు నిండితే చాలు, పై వయసుకు హద్దు లేదు. అసలు బడి మొహం చూడనివాళ్లు కూడా చదవడం, రాయడం వస్తే సొంత డిక్లరేషన్ ఇచ్చి చేరొచ్చు. ఒకసారి రిజిస్టర్ అయితే 5 ఏళ్లు చెల్లుతుంది. ఆ ఐదేళ్లలో 9 సార్లు పరీక్ష రాయొచ్చు. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఎండాకాలంలో ఒకసారి, దసరా చుట్టుపక్కల ఇంకోసారి. పాసైన సబ్జెక్టు మళ్లీ రాయక్కర్లేదు, మార్కులు అలాగే నిలిచి ఉంటాయి. పని చేసుకునే మనిషికి ఈ ఒక్క నియమం ఎంత ఊరటో చెప్పలేం. మిర్చి సీజన్‌లో పుస్తకం ముట్టే తీరిక ఉండదు, ఇంట్లో పెళ్లి వస్తుంది, ఎవరికో జబ్బు చేస్తుంది. రెగ్యులర్ బడి అయితే ఆ ఏడాది పోయినట్టే. ఇక్కడ పోయేది ఒక్క అవకాశమే.

ఇక అసలు సంగతి, సబ్జెక్టుల ఎంపిక. కనీసం ఐదు ఉండాలి. భాషలు ఒకటి గానీ రెండు గానీ. మిగతావి లెక్కలు, సైన్స్, సోషల్‌తో పాటు ఎకనామిక్స్, బిజినెస్ స్టడీస్, సైకాలజీ లాంటి వాటిలోంచి తీసుకోవచ్చు. అంటే లెక్కలూ ఇంగ్లిషూ లేకుండానే టెన్త్ పాసయ్యే వీలుంది. ఇదే ఈ కోర్సులో మంచి, ఇదే గొయ్యి. అడ్మిషన్ కౌంటర్ల దగ్గర తరచూ వినిపించే మాట ఒకటుంది: "ఎందుకక్కా లెక్కలు, అవి నీకు రావు గానీ తీసెయ్, తేలికవి రాసుకో, ఒక్క దెబ్బకు పాసైతవ్." చెప్పేవాళ్లకు చెడు ఉద్దేశం ఉండకపోవచ్చు, తమ సెంటర్ పాస్ శాతం బాగుండాలన్న ఆరాటం మాత్రం ఉంటుంది. నష్టపోయేది ఆ అక్కే.

ఎలాగో చూడండి. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ ట్రేడ్లకు టెన్త్‌లో లెక్కలు, సైన్స్ ఉండి తీరాలి. పాలిటెక్నిక్ ప్రవేశానికి పెట్టే పాలిసెట్ రాయాలంటే టెన్త్‌లో లెక్కలు ఉండాలి. పోస్టాఫీసులో గ్రామీణ డాక్ సేవక్ పోస్టులకు టెన్త్‌లో లెక్కలు, ఇంగ్లిష్ పాసై ఉండాలి, స్థానిక భాషా చదివి ఉండాలి. ఇన్ని చోట్ల అడిగేవి ఆ ఐదింట్లోవే. మూడుసార్లు రాయాల్సి వచ్చినా సరే, ఆ ఐదే పెట్టుకోండి. తొమ్మిది అవకాశాలు ఇచ్చింది అందుకే.

డాక్ సేవక్ గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఆ ఎంపిక టెన్త్ మార్కుల మెరిట్ మీద జరుగుతుంది. 35 మార్కులతో గట్టెక్కినవాళ్లకు అక్కడ చోటు దొరకడం కష్టం. వయసు కూడా 40 లోపే, రిజర్వేషన్ సడలింపులు వేరు. అర్హత ఉండటం ఒకటి, ఉద్యోగం రావడం ఇంకొకటి. ఈ తేడా దాచిపెట్టి ఆశ పెట్టే కోచింగ్ వాళ్ల మాటలు నమ్మొద్దు.

కాగితాల దగ్గర జరిగే తప్పులు పరీక్షలో ఫెయిలైనదానికంటే ఎక్కువ బాధపెడతాయి. ఆధార్‌లో పేరు ఒకలా, పాత బడి రికార్డ్ షీట్‌లో ఇంకోలా ఉంటుంది. ఒకదాంట్లో ఇంటిపేరు పొడి అక్షరం, ఇంకోదాంట్లో పూర్తిగా. ఆడవాళ్లకైతే పెళ్లయ్యాక ఆధార్‌లో ఇంటిపేరే మారిపోయి ఉంటుంది. ఇంకొక చిక్కు పుట్టిన తేదీ. ఆధార్ తీసుకున్నప్పుడు తేదీ తెలియనివాళ్లకు జనవరి 1 పడింది. మన ఊళ్లలో జనవరి 1న పుట్టినవాళ్లు ఎంతమందో లెక్కే లేదు. టెన్త్ మెమోలో ఏ తేదీ పడితే అదే జీవితాంతం మీ పుట్టిన తేదీ. ఉద్యోగంలో, పాస్‌పోర్టులో, పింఛన్‌లో అదే అడుగుతారు. మెమో వచ్చాక మార్చుకోవాలంటే చెప్పులరిగేలా తిరగాలి. కాబట్టి మొదట ఆధార్ సెంటర్‌కు వెళ్లండి. పేరు, తేదీ సరిచేయించుకుని ఆ తర్వాతే అడ్మిషన్ ఫారం నింపండి. ఫారంలో ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఒక్కో అక్షరం మీరే చదివి చూసుకోండి, మీ సేవలో టైప్ చేసేవాళ్లకు వదిలేయొద్దు. కుల ధ్రువీకరణ పత్రం ఉంటే ఫీజు తగ్గుతుంది, ఆడవాళ్లకూ తక్కువే. ఆ ఏడాది ఫీజు ఎంతన్నది నోటిఫికేషన్‌లో చూసి, రసీదు మీద ఉన్నంతే కట్టండి.

రసీదు అన్నాక ఇంకో మాట. అడ్మిషన్ ఫీజు వేరు, పరీక్ష ఫీజు వేరు. ఇది తెలియక ఏటా ఎంతోమంది మునిగిపోతున్నారు. జూన్ తర్వాత ఎప్పుడో పైసలు కట్టేశాం కదా, హాల్‌టికెట్ అదే వస్తుందని కూర్చుంటారు. రాదు. పరీక్షకు కొన్ని నెలల ముందు సబ్జెక్టుకు ఇంత అని మళ్లీ కట్టాలి. గడువు దాటితే జరిమానాతో కొన్నాళ్లు, ఆ పైన తత్కాల్‌లో ఇంకొన్నాళ్లు తీసుకుంటారు. అదీ దాటితే ఆ విడత పరీక్ష పోయినట్టే. చేరిన రోజే సెంటర్ కోఆర్డినేటర్ నంబర్ రాసుకోండి. సంక్రాంతి వెళ్లిన దగ్గర నుంచి పది రోజులకోసారి ఫోన్ చేసి అడగండి. వాళ్లే చెప్తారని ఎదురుచూడొద్దు.

క్లాసుల దగ్గరికొస్తే ఈ కోర్సుకు మార్కులు తగ్గించక తప్పదు. సెంటర్లు ఎక్కువగా జిల్లా పరిషత్, ప్రభుత్వ హైస్కూళ్లలోనే ఉంటాయి. కాంటాక్ట్ క్లాసులు ఆదివారాలు, సెలవు రోజుల్లో, ఏడాదికి 30 వరకు. లెక్కేయండి, ఐదు సబ్జెక్టులకు 30 రోజులంటే ఒక్కోదానికి ఆరు రోజులు. ఐదులో బడి మానేసిన మనిషికి ఆరు రోజుల్లో పదో తరగతి లెక్కలు ఎక్కుతాయా? పైగా ఆదివారమే షాపుల్లో గిరాకీ, అడ్డా మీద మేస్త్రీ పని. సోమవారం నుంచి శనివారం వరకు సాయంత్రం ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా క్లాసు ఉండాలి. ఆ రాత్రి బడి అనే ఏర్పాటు కోర్సులో లేదు. ఇది నిజమైన లోటు. పని చేసుకునేవాళ్ల కోసం పెట్టిన కోర్సు ఆదివారాన్నే నమ్ముకోవడం బాగాలేదు.

కాబట్టి రాత్రి చదువు ఎవరికి వాళ్లు కట్టుకోవాల్సిందే. ఒక్కరే కూర్చుంటే మూడో రోజుకు నిద్రొస్తుంది. నలుగురైదుగురు కలిసి, ఒక టీచర్‌నో డిగ్రీ చదివే పిల్లనో మాట్లాడుకుని, కమ్యూనిటీ హాల్లోనో సంఘం భవనంలోనో గంటన్నర కూర్చునేవాళ్లు నిలబడతారు. వారానికి ఐదు రాత్రులైతే ఏడున్నర గంటలు. ఏప్రిల్ పరీక్షకు మూడు సబ్జెక్టులు, తెలుగు, సోషల్, ఇంగ్లిష్. లెక్కలు, సైన్స్ దసరా విడతకు. ఐదూ ఒకేసారి మీద వేసుకున్నవాళ్లు ఐదింట్లోనూ సగం సగమే చదువుతారు.

ట్యూషన్ చెప్పేవాళ్ల కోసం కొంచెం వివరంగా చెప్పాలి. పెద్దవాళ్లకు రావలసిన మొదటిది పాఠం కాదు, రాత. బస్తాల కొక్కెం పట్టిన చెయ్యి, మగ్గం లాగిన చెయ్యి పెన్నును పిడికిట్లో బిగించి పట్టుకుంటుంది. పావుగంట రాసేసరికి బొటనవేలు మొదట్లో నొప్పి మొదలవుతుంది, అక్షరాలు గీత దిగి కిందికి జారతాయి. పరీక్ష మూడు గంటలు. జవాబు తెలిసీ చెయ్యి ఆడక పేపర్ సగంలో వదిలేసి వచ్చేవాళ్లున్నారు. దీనికి ఒకటే విరుగుడు. మొదటి వారం రోజూ 10 నిమిషాలు, పేపర్లో ఒక చిన్న వార్త చూసి రాయించాలి. వారానికి 10 నిమిషాల చొప్పున పెంచుకుంటూ పోతే 18వ వారానికి 3 గంటలు రాసే చెయ్యి తయారవుతుంది. సన్నటి పెన్ను వద్దు, లావు పట్టు ఉన్న బాల్ పెన్ను ఇవ్వాలి. నలభై దాటినవాళ్లకు దగ్గరి చూపు తగ్గి ఉంటుంది. బల్బు కింద పుస్తకాన్ని చేతులు చాచి దూరంగా పట్టుకుంటున్నారంటే చత్వారం అని గుర్తు. చాలామంది అది తమ బుర్రలో లోపం అనుకుంటారు. కంటి వెలుగులో ఇచ్చిన అద్దాలు ఇంట్లో పెట్టెలో ఉంటే తీసి పెట్టుకోమనండి, లేకుంటే చూపించి రీడింగ్ అద్దాలు తెచ్చుకోమనండి. అద్దాలు పెట్టుకున్న వారంలోనే చదివే వేగం మారిపోతుంది.

లెక్కల్లో బీజగణితంతో మొదలుపెట్టొద్దు. ఎనుమాములలో కాంటా దగ్గర నిలబడే మనిషికి శాతాలు రావనుకోవడం మన పొరపాటు. 40 కిలోల బస్తాలు 25, అంటే 10 క్వింటాళ్లు. క్వింటాల్ 15,000 చొప్పున లక్షా యాభై వేలు. అడ్తిదారు కమీషన్ 2 శాతం అనుకుంటే 3,000. ఇది వాళ్లు నోటితో చెప్పేస్తారు. కాగితం మీద పెట్టమంటే ఆగిపోతారు. కాబట్టి నోటితో చెప్పిందాన్నే మెట్టు మెట్టుగా రాయించాలి, ఎందుకంటే పరీక్షలో మార్కులు పడేది మెట్లకే. తాపీ మేస్త్రీకి వైశాల్యం అదే తీరు: 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గది 120 చదరపు అడుగులు, రెండడుగుల టైల్ ఒకటి 4 చదరపు అడుగులు, కావాల్సినవి 30 టైల్స్. శాతాలు, వడ్డీ, వాయిదాలు, వైశాల్యాలు, సగటు. వీటిమీద పట్టు వచ్చాకే సమీకరణాల జోలికి వెళ్లాలి. చిక్కుముడి ఎక్కడంటే రుణ సంఖ్యల దగ్గర. మైనస్ మూడులోంచి ఐదు తీసేస్తే ఎంత అంటే చాలామంది రెండు అంటారు. మూడు వేలు అప్పున్నవాడు ఇంకో ఐదు వేలు అప్పు చేస్తే ఎంత బాకీ అని అడగండి, ఎనిమిది అని టక్కున చెప్తారు. ఆ మాట పక్కనే గుర్తుతో సహా రాయిస్తే ఇక మరిచిపోరు.

ఇంగ్లిష్‌లో లెటర్ రైటింగ్ ఒక చట్రం. అడ్రస్, తేదీ, విషయం, సంబోధన, ముగింపు ఎక్కడెక్కడ వస్తాయో చెయ్యికి అలవాటు చేస్తే కొన్ని మార్కులు ఖాయం. ప్యాసేజ్ ప్రశ్నలకు జవాబు ఆ పేరాలోనే ఉంటుందని చాలామందికి ఎవరూ చెప్పరు. సోషల్, సైన్స్‌కు పాత ప్రశ్నపత్రాలు మూడేళ్లవి ముందేసుకుంటే చాలు.

"గ్యారంటీ పాస్" ప్యాకేజీ అమ్మేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లొద్దు. క్లాసు లేదు, పుస్తకం లేదు, పరీక్ష రోజు వస్తే చాలు అంటారు. కొందరు ఊరూ పేరూ లేని బోర్డుల మెమోలు కూడా చేతిలో పెడతారు. ఎక్కడైనా వెరిఫికేషన్‌కు పంపితే అది దొంగ సర్టిఫికెట్ అని తేలుతుంది, కేసు పడేది చదువుకోవాలనుకున్న మనిషి మీదే. అనుమానం ఉంటే డీఈవో ఆఫీసులో ఓపెన్ స్కూల్ చూసే జిల్లా కోఆర్డినేటర్‌ను అడగండి. సెంటర్ పేరు వాళ్ల జాబితాలో ఉందో లేదో చెప్తారు. కేంద్రం నడిపే ఎన్‌ఐఓఎస్ టెన్త్ కూడా చెల్లుతుంది. అక్కడ పాస్ మార్కు 33 శాతం, ఇంట్లో రాసి ఇవ్వాల్సిన అసైన్‌మెంట్లకు 20 శాతం మార్కులు. కానీ ఊరికి దగ్గర్లో సెంటర్, తెలుగులో చెప్పే టీచర్ కావాలనుకునేవాళ్లకు మన ఓపెన్ స్కూలే సులువు.

పాసయ్యాక ఏంటి? కాజీపేట దగ్గర రైల్వే తయారీ యూనిట్‌కు 2023 జులై 8న శంకుస్థాపన జరిగింది, గీసుగొండ, సంగెం వైపు కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017 అక్టోబర్ 22న. క్లాసుల్లో కూర్చున్న చాలామంది చూపు వాటి మీదే. యంత్రాల దగ్గర పనికి టెన్త్ మెమో ఒక్కటే సరిపోదు, పక్కన ఐటీఐ ట్రేడ్ ఉండాలి. ఐటీఐ పగటి చదువు, కూలి మానుకుని చేరగలిగే ఇల్లు ఎన్ని? పాతికేళ్లలోపు ఉండి, ఇంట్లో ఇంకొకరి సంపాదన ఉన్నవాళ్లకు ఐటీఐ మంచి దారి. ముప్పై దాటి ఇద్దరు పిల్లలున్నవాళ్లకు ఓపెన్ ఇంటర్, ఆ తర్వాత అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం డిగ్రీ నయం. 1982లో పెట్టిన ఆ యూనివర్సిటీ దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఓపెన్ ఇంటర్‌కు ఒక మెలిక ఉంది. టెన్త్ పాసైన మరుసటి ఏడాదే ఇంటర్ ఐదు సబ్జెక్టులూ పూర్తి చేయనివ్వరు, రెండేళ్ల ఎడం ఉండాలి. పాసైన ఏడాదే చేరి నాలుగు రాసి, ఐదోది తర్వాత రాస్తే టైమ్ వృథా కాదు. ఇంకో సంగతి: లారీ, ఆటో లైసెన్స్ కోసమని చేరేవాళ్లుంటే చెప్పండి, రవాణా వాహనాల లైసెన్స్‌కు ఎనిమిదో తరగతి షరతు 2019లోనే ఎత్తేశారు.

కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఈ మెమోకు ఇంకో విలువ ఉంది, దాన్ని మాత్రం ఎవరూ తక్కువ చేయకూడదు. గల్ఫ్ సహా 18 దేశాలకు పనికి వెళ్లే మనిషి పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ తనిఖీ తప్పనిసరి) రకానిదైతే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఉండాలి. పదో తరగతి పాసైతే ఆ ముద్ర అక్కర్లేదు, నాన్ ఈసీఆర్ పాస్‌పోర్టు వస్తుంది. ఇప్పటికే పాత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు మెమో చూపి రీఇష్యూకు పెట్టుకోవాలి. ఏజెంట్ చేతిలో చిక్కే ఒక ముడి అక్కడ తెగిపోతుంది.

మెమో రాగానే చాలామంది సంతోషంతో చేసే మొదటి పని జిరాక్స్ సెంటర్‌కు పోయి లామినేషన్ వేయించడం. వేయించొద్దు. గల్ఫ్‌లో సర్టిఫికెట్ అటెస్టేషన్ అడిగితే స్టాంపులు ఆ కాగితం వెనక వైపే పడాలి, ప్లాస్టిక్ మీద పడవు. ప్లాస్టిక్ పీకితే కాగితం చిరుగుతుంది. పారదర్శకంగా ఉండే ఫైల్ కవర్ ఒకటి కొని, మడత పెట్టకుండా అందులో దాచండి. నాలుగు జిరాక్స్‌లు తీసి, ఒక ఫొటో మీ ఫోన్లో, ఇంకొకటి ఇంట్లో ఇంకొకరి ఫోన్లో పెట్టుకోండి.